బిళ్లల ఆసామి

జర్మన్ వ్యాయామ సంఘాల పాత ఎనామిల్ బిళ్లలు పోగుచేసే ఆసామి సాధారణంగా వ్యాయామం చెయ్యడు. ఆదివారం పాత సామాన్ల సంతలో డబ్బాల మీదికి వంగడమే అతని కసరత్తు. లేవడానికి పక్కవాడి భుజం కావాలి.

బిళ్లను అతను చూసే తీరు పెళ్లిచూపులే. ముఖం చూసి మురిసిపోడు, వెనక్కి తిప్పి తయారీదారు ముద్రలో వంశం వెతుకుతాడు. గాజుపొడిని లోహం మీద సుమారు 800 డిగ్రీల వేడిలో కరిగిస్తేనే అసలు ఎనామిల్. రంగు పూసినదైతే అతనికి అంటరానిది. అంచున పెచ్చు ఊడితే, కొనేటప్పుడు అది లోపం. అమ్మేటప్పుడు అదే పెచ్చు ప్రాచీనతకు సాక్ష్యం.

గోత్రం అడిగితే ఫ్రీడ్రిష్ లూడ్విగ్ యాన్ పేరు చెబుతాడు. 1811లో బెర్లిన్ దగ్గరి హాజెన్‌హైడెలో ఆరుబయలు వ్యాయామశాల తెరిచినవాడాయన. ప్రష్యా ప్రభుత్వం ఈ కసరత్తును రాజద్రోహంగా అనుమానించి 1820 నుంచి 1842 దాకా నిషేధించింది. తర్వాత వచ్చిన గుర్తు నాలుగు ఎఫ్‌ల శిలువ: ఫ్రిష్, ఫ్రోమ్, ఫ్రోలిష్, ఫ్రై. అంటే చురుకు, భక్తి, ఉల్లాసం, స్వేచ్ఛ. ఆసామిలో రెండోదొక్కటే కనిపిస్తుంది, అదీ బిళ్లల మీదే.

కొన్ని బిళ్లల మీద 9, 919, 1519, 1811 అని ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టానికి కాఫీ కంటే ముందు ఈ అంకెల పరీక్ష పెడతాడు. రోమన్ సేనలు ట్యూటోబర్గ్ అడవిలో ఓడిన ఏడాది 9. యోధుల పోటీలు మొదలైనదీ ముగిసినదీ 919, 1519 అని సంఘాల లెక్క. చివరిది యాన్‌ది. చుట్టం మళ్లీ రాడు.

1893లో గెరాలో పుట్టిన శ్రామిక వ్యాయామ సంఘం బిళ్లలకు వేరే అట్ట. పాత సంఘాలవాళ్లు 'గుట్ హైల్' అని పలకరించుకుంటే ఈ శ్రామికులు 'ఫ్రై హైల్' అనేవారు. ఒకే అట్ట మీద పెడితే కొట్టుకుంటారని అతని భయం.

1933 తర్వాతి అట్ట బీరువా అడుగున ఉంటుంది. ఆ ఏడాది శ్రామిక సంఘాన్ని నాజీలు మూయించారు. మిగిలినవి యూదు సభ్యులను వెళ్లగొట్టాయి. ఆ అట్ట దగ్గర అతని వాగ్ధోరణి ఆగిపోతుంది. ఆగవలసిందే.

అతని ఊళ్లో వ్యాయామ సంఘం ఇప్పటికీ నడుస్తోంది. అందులో అతను చేరలేదు. అక్కడ ఇప్పుడు బిళ్ల ఇవ్వరు, ప్లాస్టిక్ కార్డు ఇస్తారు.