'నేనే కట్టాను' అను ఫలకమునకు బళేపేట వ్యాఖ్య

మూలము: "తుక్కు నుండి, స్వహస్తాలతో, ఒంటరిగా నేనే నిర్మించిన రోడ్‌స్టర్. ఇది కారు కాదు, నా ఆత్మ."

అవతారిక: బెంగళూరులో ఒకానొక ఆదివారపు కార్ల ప్రదర్శనలో, పైకప్పూ తలుపులూ మడ్‌గార్డులూ లేని ఎర్రబండి ముందు నిలువెత్తు ఫ్లెక్సీ మీద ఈ వాక్యాలు వెలసినవి. వాటి కింద రంగుల కంపెనీ, టైర్ల కంపెనీ, ఫొటోలు తీసినవారి పేర్లు కలవు. కవి నల్లకళ్లద్దాలతో పక్కనే నిలబడి, చదువు వచ్చినవాళ్లకు కూడా ఫలకాన్ని చదివి వినిపిస్తున్నాడు. ఇంతటి మూలానికి టీక లేకపోవడం భాషకు లోటు కనుక ఆ ఊరి బళేపేట హార్మోనియాల మోతలో చెవులు పండిన ఈ వ్యాఖ్యాత పూనుకొనెను.

టీక: "రోడ్‌స్టర్" స్పష్టము, వాన వస్తే తడిసేది. "కారు", "కాదు" సుగమములు.

"తుక్కు నుండి": ఇంజను మారుతీ ఓమ్నీది. 796 సీసీ, మూడు సిలిండర్లు, దాదాపు 35 గుర్రాలు. మారుతీ 800దీ ఇంచుమించు ఇదే గుండె అయినా దానిలో అడ్డంగా పడుకుని ముందు చక్రాలను లాగుతుంది. ఓమ్నీలో నిలువుగా ఉండి వెనక చక్రాలను తోస్తుంది. రోడ్‌స్టరుకు వెనక తోపే కావాలి. కాబట్టి ఈ ఎంపిక చేసినవాడు శాస్త్రజ్ఞుడు. వాడు కవి కాదని తర్వాత తేలును. 1930లలో కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డులకు మడ్‌గార్డులు పీకి, బరువు దించి, మ్యూరాక్ ఎండుచెరువు మీద పరుగెత్తించినప్పటినుంచీ ఈ సంప్రదాయం ఉంది. 1932 ఫోర్డు వీ-8 ఇంజను 65 గుర్రాలది. అప్పట్లో అదే గొప్ప. వాళ్లకు చెరువు దొరికింది. మనవాడికి దొరికింది చిక్కపేట సందు.

"నా ఆత్మ": దండాన్వయంలో దీన్ని ముందుకు లాగుతున్నాము. ఏల? ఇందులో రుచి ఉంది గనుక.

విడిభాగాలు కలిస్తే బండి అవుతుందా, బండి అనేది వేరే ఒకటి ఉందా అన్న తగవు ఓమ్నీ కంటే పాతది. 'మిళింద పన్హ'లో యవనరాజు మిళిందుణ్ని భిక్షువు నాగసేనుడు అడుగుతాడు: నడిచి వచ్చారా, రథం మీదా? రథం మీదనే. నొగ రథమా? కాదు. ఇరుసా? కాదు. చక్రాలా, పంజరమా, కాడియా, పగ్గాలా, ములుకోలా? ఏదీ కాదు. అయితే రాజా, మీరు దేని మీద వచ్చారు, అబద్ధమాడుతున్నారు కదా అంటాడు. చివరికి రాజే ఒప్పుకుంటాడు: ఇవన్నీ కూడినప్పుడు వ్యవహారానికి పెట్టిన పేరే రథం.

న్యాయదర్శనం చదివిన నైయాయికుడు దీనికి ఒప్పుకోడు. అవయవాలు వేరు, అవి కూడి ఏర్పడే అవయవి వేరు. విడదీయరాని సమవాయ సంబంధంతో అది వీటిలో ఉంటుంది. సరే, ఒక బోల్టు ఊడితే? పాత అవయవి నశించి కొత్తది పుడుతుందంటాడు, ఏమాత్రం తడుముకోకుండా. ఈ సిద్ధాంతం ఆర్టీవో ఆఫీసు చెవిన పడితే గుంతకు ఒక బోల్టు రాల్చే బెంగళూరు బండ్లకు గుంతకొక రిజిస్ట్రేషన్ రుసుము. పడనివ్వకండి.

అదృష్టవశాత్తు ఆర్టీవో వారిది మూడో దర్శనం. ఆత్మ ఉంది, అది నిత్యం, అది చాసిస్ మీద కొట్టిన పదిహేడు అక్షరాల సంఖ్య. పెన్సిలుతో కాగితం మీద రుద్దితే సాక్షాత్కరిస్తుంది. ఉపనిషత్తులకు ఇంత సులభోపాయం తట్టలేదు. ఈ దర్శనానికి సూత్రం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్: తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు భాష్యమూ అదే. పోనీ 'వింటేజ్' అందామా? 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారి ఉండకూడదు. అలాంటివాటికే 20,000 రూపాయలకు 'వీఏ' అక్షరాల నంబరు. తాత కొన్న కారును షెడ్డులో కదపకుండా ఉంచినవాడికి పట్టాభిషేకం. తుక్కుకు ప్రాణం పోసినవాడు ట్రక్కు మీద ఎక్కించుకుని ప్రదర్శనకు తెచ్చుకోవాలి. ఈ ఒక్క విషయంలో కవి మీద జాలి కలుగుతుంది. జాలిని ఇక్కడే దింపి ముందుకు పోదాము.

"స్వహస్తాలతో": ఇది అతిశయోక్తి అలంకారమని కొందరు. శుద్ధ అబద్ధమని నేను.

ఓమ్నీ ప్రొపెల్లర్ షాఫ్టు ఈ బండికి పొడుగైంది. దాన్ని కోసి, లేత్ మీద తిప్పి, వెల్డింగుతో అతికి, డయల్ గేజి పెట్టి సరిచూడాలి. వెంట్రుకవాసి వంకర మిగిలినా వేగం పెరిగేసరికి బండంతా వణుకుతుంది. ఆ పని ఎస్.జె.పి. రోడ్డు వెనక సందులో, మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక జరిగింది. అతికినవాడికి ముఖానికి అడ్డు లేదు, చేతిలో ఒక నల్లద్దం ముక్క; ఆ రాత్రి వాడి కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది. కవి చేతులు మాత్రం నున్నగా ఉన్నాయి. ఫొటో కోసం గ్రీజు పూసుకుని, తీశాక కడుక్కున్నాడు.

హారను సంగతి నా కళ్లముందు జరిగింది. పాతకాలపు రబ్బరు బుడగ హారను. లోపల ఇత్తడి రీడు మూగబోయింది. రీడు ఎవరికి తెలుసు? బళేపేట హార్మోనియం మేస్త్రీకి. ఆయన దాన్ని ఊడదీసి, వెలుతురుకు ఎత్తి చూసి, రీడు నాలుక కింద సన్నని రేకు దూర్చి ఆకురాయితో రెండు గీతలు గీశాడు. కొనదగ్గర గీస్తే స్వరం ఎక్కుతుంది, మొదట్లో గీస్తే దిగుతుంది. బుడగ నొక్కాడు. మళ్లీ గీశాడు. కవి మనిషిని పంపి 'గంభీరంగా' రావాలన్నాడట. "పాడే పెట్టె కాదు సామీ, బొంయ్‌మనేదానికీ శ్రుతి కావాలంట ఆయప్పకి" అని నాతో అంటూనే సరిగ్గా మంద్రంలోకి దించాడు. ప్రదర్శనలో పిల్లలు ఎగబడింది ఆ హారను మోగించడానికే.

పూర్వపక్షము: ఇల్లుగలవాడు కూడా 'నేను కట్టాను' అంటాడు కదా? అంటాడు. కానీ గృహప్రవేశంనాడు మేస్త్రీని పీట మీద కూర్చోబెట్టి పంచెలచాపు పెడతాడు, తాంబూలమిస్తాడు. ఇక్కడ తాంబూలం రంగుల కంపెనీకి దక్కింది.

స్వహస్తం లోకంలో లేదని కాదు. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో దత్తాత్రేయ లోహార్ అనే కమ్మరి కొడుకు ముచ్చట తీర్చడానికి తుక్కుతో సుమారు 60,000 రూపాయల్లో, కిక్కు కొడితే లేచే నాలుగు చక్రాల బండి చేశాడు. 2021 డిసెంబరులో ఆనంద్ మహీంద్రా దాన్ని చూసి బదులుగా బొలేరో ఇస్తానన్నారు, ఇచ్చారు. మన హైదరాబాదు బహదూర్‌పురాలో కె. సుధాకర్ 2010లో తెరిచిన సుధాకార్స్ మ్యూజియంలో వంకాయ కారు, బర్గరు కారు, ఎత్తుమడమ చెప్పు కారు ఉన్నాయి. 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలుకు 2005లో గిన్నిస్ రికార్డూ ఉంది. వంకాయను చూసి నవ్వడానికే ఆయన పిలుస్తాడు. అది తన ఆత్మ అనుకోమనడు.

"ఒంటరిగా": ఫోనులో పెట్టిన ప్రతిలో దీనికి "నిద్రలేని రాత్రులతో" అని పాఠాంతరం. రెండోదే గ్రాహ్యము. సైలెన్సరు కోసేసిన ఇంజనును సందులో పరీక్షించిన రాత్రులు ఎవరికీ నిద్ర లేదు.

"నేనే": ఏవకారము ఇతరులను తోసివేయుటకు. తోసివేసెను.

గద్య: మన ప్రబంధకవులు ఆశ్వాసం ముగిసినప్పుడల్లా గద్యలో తండ్రినీ గురువునూ తలుచుకున్నారు. ఈ కావ్యానికి ఆ భాగం లుప్తమైనది కనుక వ్యాఖ్యాతయే పూరించుచున్నాడు: ఇది ఓమ్నీని ఎంచిన కలాసిపాళ్యం మెకానిక్కు చేతను, షాఫ్టు కోసి తిప్పిన లేత్ కార్మికుని చేతను, నల్లద్దం ముక్కవాని చేతను, రేకు వంచి పుట్టీ పెట్టిన టింకరు చేతను, రీడు గీసిన బళేపేట మేస్త్రీ చేతను రచింపబడి, ఫ్లెక్సీ మాత్రము యజమానిచే స్వయముగా అచ్చొత్తించబడిన ఎర్రబండి యందు సర్వమును ఏకాశ్వాసము. రీడు మరమ్మతు కూలి నేటివరకు ముట్టలేదు.