కామా దోషానికి శాంతి లేదు

కర్ణాటకలోని పావగడ శని మహాత్ముని గుడి శనివారం వస్తే కిక్కిరిసిపోతుంది. ఏలినాటి శనికి ఏడున్నరేళ్ల గడువైనా ఉంది. అదే ఊళ్లో బడిపిల్లల్ని పట్టుకున్న ఇంగ్లిష్ కామా దోషానికి అదీ లేదు. డిగ్రీ దాటి ఉద్యోగ దరఖాస్తు దాకా వెంటపడుతుంది, నువ్వుల నూనె దీపాలకు లొంగదు.

దీని శాస్త్రీయ నామం కామా స్ప్లైస్. పుట్టిల్లు సెలవు చీటీ. ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ కెనాట్ కమ్ టు స్కూల్.’ జ్వరం నిజమే, స్పెల్లింగూ సరే. అయ్యవారు మాత్రం కామా చుట్టూ ఎర్ర సున్నా చుడతారు. ఎందుకో చెప్పరు. పిల్లవాడు కామానే పాపిష్టిదనుకుని ఈసారి దాన్ని పీకేసి రాస్తాడు. అప్పుడు తప్పు పేరు రన్-ఆన్ అవుతుంది, సున్నా మాత్రం అదే.

ఎవరి కర్త, ఎవరి క్రియ వాళ్లకున్న రెండు పూర్తి వాక్యాలను ఇంగ్లిష్‌లో ఉత్త కామాతో అతికించకూడదు. గొడవంతా ఇంతే. పట్టుకోవడం సులువు: కామా ఉన్నచోట ఫుల్‌స్టాప్ పెట్టి చూడాలి. రెండు ముక్కలూ విడివిడిగా నిలబడితే అక్కడ కామా బలం చాలదు.

మరి పావగడ పిల్లలకు ఇది ఎక్కడ అంటుకుంది? మూడు వైపులా ఆంధ్ర ఉన్న తాలూకా. చాలా ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడ. ‘జ్వరమొచ్చి బడికి రాలేదు’ అన్నా, ‘జ్వర బందు’ అని కన్నడంలో మొదలెట్టినా కారణం ఆ క్రియలోనే ఇమిడిపోతుంది. ఇంగ్లిష్‌లో అలాంటి ‘వచ్చి’ కోసం పిల్లవాడు వెతుకుతాడు. దొరకదు. ఆ ఖాళీలో కామా పెడతాడు. రెండు భాషల వ్యాకరణం వంటబట్టినవాడికి మూడో భాషలో పడే శిక్ష ఇది.

పెద్దవాళ్లకు శిక్షలు లేవు. విలియం స్ట్రంక్ ఇంగ్లిష్ శైలి మీద 1918లో వేసిన చిన్న పుస్తకంలో ఈ అతుకును నిషేధిస్తూనే, పొట్టి వాక్యాలు ఒకే తీరుగా ఉంటే పోనిమ్మన్నాడు. డికెన్స్ 1859 నాటి ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’ మొదటి వాక్యం నిండా కామాల అతుకులే. దాన్ని మహాశైలి అంటారు. జర్మన్‌లోనైతే ఇది అసలు తప్పే కాదు.

అయినా ఈ తప్పును దిద్దుకోవాల్సిందే. కామా స్ప్లైస్ చేసే అసలు అన్యాయం రెండు వాక్యాల మధ్య సంబంధం చెప్పకుండా తప్పించుకోవడం. ఉదాహరణకు, పావగడ తాలూకా తిరుమణి దగ్గర దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. ‘ద ల్యాండ్ ఈజ్ డ్రై, వీ హావ్ ఎ సోలార్ పార్క్’ అని ఎవరైనా రాశారనుకుందాం. కామా తర్వాత ‘సో’ చేరిస్తే నేల ఎండింది కాబట్టి పార్కు వచ్చింది. ‘బట్’ చేరిస్తే నేల ఎండినా పార్కు ఉందన్న ఊరట. ‘బికాజ్’ పెట్టి కామా తీసేస్తే నేల ఎండడానికి పార్కే కారణమన్న ఫిర్యాదు! ఏదీ తేల్చనివాళ్లకు సెమికోలన్ ఉంది, విడిపోదామనుకుంటే ఫుల్‌స్టాప్ ఉంది. ‘హౌఎవర్’ మాత్రం అతుకు వేసినట్టు నటిస్తుంది. దాని ముందు కామా ఒక్కటే పెడితే దోషం అలాగే ఉంటుంది.

సంబంధం చెప్పకుండా తప్పించుకునే ఈ సుఖం తెలిసినవాళ్లు ప్రకటనలు రాసే పెద్దలు. ‘వానలు లేవు, పంటలు లేవు, చర్యలు తీసుకుంటున్నాం.’ దేనివల్ల ఏది, ఎవరి బాధ్యత ఏది అన్నది కామాల కింద హాయిగా నిద్రపోతుంది. ఆ కాగితం మీద ఎర్ర సున్నా చుట్టే అయ్యవారు ఇంకా పుట్టలేదు.

బడి అయ్యవార్లకు ఒక మనవి. సెలవు చీటీ మీద సున్నా చుట్టండి, కాదనం. పక్కనే ‘సో’నా, ‘బట్’టా, ‘బికాజ్’ఆ అని ఒక్క ప్రశ్న కూడా రాయండి. మార్కులు తర్వాత కోసుకోవచ్చు.