కారు కీ పోకముందే ఖర్చు పెట్టండి

అమెరికాలో కారు కొన్న మనవాళ్ళకి నేను చెప్పే సలహా మొదట తలకిందులుగా వినిపిస్తుంది. కీ పోయేదాకా ఆగకండి, రెండూ చేతిలో ఉన్నప్పుడే మూడోదానికి డబ్బు పెట్టండి. "ఉన్నవి చాలవా, దండగ కాదూ?" అంటారు. ఆ దండగలోనే పొదుపు ఉంది.

ఇప్పటి కార్ల కీలలో చిన్న చిప్ ఉంటుంది. కారులోని ఇమ్మొబిలైజర్ దాని నంబరు చదివి, తన మెమరీలో ఉంటేనే ఇంజన్‌ని నడవనిస్తుంది. కాబట్టి కీ కోయించడం సగం పనే. దాన్ని కారుకి పరిచయం చేయడం మిగతా సగం. ఫోర్డ్ ఈ చిప్పుల్ని 1996 మోడళ్ళ నుంచి పెడుతోంది. పాత ఫోర్డులు చాలావాటిలో కొత్త కీని యజమానే చేర్చుకోవచ్చు, కాకపోతే పనిచేసే కీలు రెండు ఉండాలి. మొదటిది పెట్టి ఆన్ చేసి ఆఫ్ చేయాలి, వెంటనే రెండోది అలాగే, ఆ కొద్ది సెకన్లలోనే కొత్తది. అమెరికాలో అమ్మిన చాలా క్రైస్లర్, డాడ్జ్ బళ్ళలోనూ ఇలాంటి పద్ధతే ఉంది, మాన్యువల్ తిరగేస్తే కనిపిస్తుంది. రెండు కీలలో ఒకటి పోతే ఈ దారి మూసుకుపోతుంది. కారు ఇంకా నడుస్తూనే ఉంటుంది గనక ఆ రోజు ఎవరూ కంగారుపడరు. కంగారుపడాల్సింది ఆ రోజే. చివరిదీ పోయిందంటే కారుని టో చేయించాలి, లేదా లాక్‌స్మిత్ మెషీన్ పట్టుకుని మీ పార్కింగ్‌లోకి రావాలి. అప్పటికి ఖర్చు వందల డాలర్లలో పడుతుంది.

చిప్ లేని చవక కీ కూడా ఒకటి కోయించండి. దాంతో కారు స్టార్ట్ కాదు, అందుకే పనికిరాదంటారు. తలుపు మాత్రం తెరుచుకుంటుంది. ఇండియన్ స్టోర్ ముందు అసలు కీ సీటు మీదుండి తలుపులు లాకైపోతే కావలసింది అదొక్కటే. కొన్ని కార్లలో అలారం మోగుతుంది, మోగనివ్వండి.

హైదరాబాద్ నుంచి వచ్చే బంధువుల చేత కీ తెప్పించకండి. చూడ్డానికి అచ్చం అదే ఉంటుంది, కానీ ఇక్కడ చాలా కార్ల రిమోట్లు 315 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తే అక్కడివి ఎక్కువగా 433 మీద. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు కూడా పాత రిమోట్ ఫాబ్ వెనకున్న ఎఫ్‌సీసీ ఐడీని అక్షరం అక్షరం పోల్చుకోండి. వాడిన ఫాబ్ జోలికి పోవద్దు, చాలా కంపెనీలవి మొదటి కారుకే అతుక్కుపోయి ఉంటాయి.

అన్నిటికన్నా తక్కువ రేటు చెప్పిన లాక్‌స్మిత్‌ని పిలవకండి. ఫోన్లో పదిహేను, ఇరవై డాలర్లని చెప్పి, వచ్చాక పదింతలు అడిగే లాక్‌స్మిత్‌ల గురించి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది. టెక్సస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో లాక్‌స్మిత్‌కి లైసెన్సు ఉండాలి, నంబరు అడగండి. మిమ్మల్ని విసిగించేవాడే మంచివాడు. డ్రైవింగ్ లైసెన్స్, రిజిస్ట్రేషన్ చూపించమంటాడు, ఫారం నింపిస్తాడు. నాస్టఫ్ అనే సంస్థలో నమోదైన లాక్‌స్మిత్‌లకే కంపెనీలు కీ కోడ్‌లు ఇస్తాయి, ఆ కాగితాలు వాళ్ళు దాచాలి. ఏమీ అడక్కుండా చేస్తానన్నవాడు మీ కారు పట్టుకొచ్చిన దొంగకి కూడా అలాగే చేస్తాడు. కారు భర్త పేరు మీదే ఉన్న ఇళ్ళలో మాత్రం ఇక్కడ చిక్కొస్తుంది. ఆయన ఊళ్ళో లేని రోజు కీ పోతే ఆవిడ చేతిలో ఏ కాగితమూ ఉండదు. రిజిస్ట్రేషన్‌లో ఇద్దరి పేర్లూ పెట్టించుకోండి.

చిప్ వల్లే ఈ తిప్పలని విసుక్కునేవాళ్ళు హ్యుందాయ్, కియాల సంగతి గుర్తుచేసుకోవాలి. 2015 మోడళ్ళలో మిగతా కంపెనీల కార్లలో 96 శాతానికి ఇమ్మొబిలైజర్ ఉంటే వీటిలో 26 శాతానికే. 2021, 22లో కుర్రాళ్ళు యూఎస్‌బీ కేబుల్ మొనతో ఇగ్నిషన్ తిప్పి వీటిని ఎత్తుకుపోయారు. 2023 ఫిబ్రవరిలో కంపెనీలు ఉచిత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మొదలుపెట్టాల్సి వచ్చింది.

అర్వింగ్‌లోనో ఎడిసన్‌లోనో, ఇండియా వెళ్ళిపోతున్న స్టూడెంట్ దగ్గర కరోలా కొంటుంటే, బేరం టైర్ల దగ్గర ఆపకండి. రెండో కీ అడగండి, లేదంటే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. "ఎక్కడో పోయింది" అన్న ఆ కీ ఎవరి చేతిలో ఉన్నా మీ కారు దానికి ఇంకా పలుకుతూనే ఉంటుంది. డబ్బు పెట్టి దాన్ని మెమరీలోంచి తీసేయించండి. ఆ రోజు ఇంట్లో ఉన్న కీలన్నీ వెంట తీసుకెళ్ళాలి, పాతవి చెరిపినప్పుడు పక్కన లేనివి కూడా పోతాయి. పని అయ్యాక ఒక్కో కీనీ గుత్తిలోంచి విడదీసి స్టార్ట్ చేసి చూడండి, పక్క చిప్ అడ్డొస్తే ఏది పలికిందో తెలియదు. మెషీన్ స్క్రీన్ మీద కీల సంఖ్య కనిపించే కార్లలో అదీ చూడండి. మీ చేతిలో రెండుండి అక్కడ మూడు కనిపిస్తే, ఆ మూడోదాన్ని తీసేయించాకే డబ్బు ఇవ్వండి.