ముందు, తర్వాత

మా చిన్నక్కను నగరిలో మరమగ్గాల వాళ్ళింటికి ఇచ్చాం. ఇంటి వెనక రేకుల షెడ్డులో పొద్దస్తమానం మగ్గాల మోత. గట్టిగా అరిస్తే తప్ప పక్కనున్న మనిషికి మాట వినపడదు. నలభై దాటేసరికి అక్క 84 కిలోలకు చేరింది, మోకాళ్ళు పట్టేశాయి. వీధిలో వాళ్ళు చెబితే బరువు తగ్గించే క్లబ్బులో చేరింది.

ముక్కుకొండ మీద ఎండ పడకముందే అక్కడ తూకం మొదలు. అందరి ముందూ అంకె చదువుతారు, తగ్గినవాళ్ళకు చప్పట్లు కొడతారు, పొడి కలిపిన గ్లాసు చేతికిస్తారు. గుంపుగా కూర్చుని వారం వారం బరువు చూసుకునే ఈ పద్ధతి, 1963లో న్యూయార్కులో జీన్ నైడెచ్ అనే గృహిణి మొదలుపెట్టిన వెయిట్ వాచర్స్‌తో దేశదేశాలకూ పాకింది. అందులో బలముంది, కాదనను. రాత్రి అన్నం మానేసి సుమారు రెండు వందల క్యాలరీల గ్లాసుతో సరిపెట్టుకుంటే ఎవరైనా కొంత తగ్గుతారు. పైగా పెళ్ళయిన నాటి నుంచి ఇంటిల్లిపాది కంచాల గురించే ఆలోచించిన ఆడవాళ్ళకు, తమ ఒంటి గురించి నోరు విప్పే చోటు దొరకడం నిజంగా పెద్ద విషయం. అక్క ముఖంలో ఆ సంతోషం నేను చూశాను.

మొదట్లో నెమ్మదిగా తగ్గింది. తర్వాత ఉన్నట్టుండి వేగం పెరిగింది. 76, 73, 71. రవికెలన్నీ కుట్లు వేయించుకుంది. క్లబ్బు గోడ మీద అక్కవి రెండు ఫొటోలతో ఫ్లెక్సీ కట్టారు. ఒకదాని కింద 'ముందు', రెండోదాని కింద 'తర్వాత'. దాన్ని చూసి చేరినవాళ్ళు చాలామందే.

దాహం మాత్రం తీరేది కాదు. మంచం పక్కన చెంబు చాలక బిందె పెట్టుకుంది. రాత్రి నాలుగైదు సార్లు లేచేది. క్లబ్బు కోచ్‌ను అడిగితే, "ఒంట్లో ఉండే చెత్తంతా కడుక్కోని పోతా ఉండాదక్కా, మంచిదే" అంది. నూలు కోన్ల సంచి ఎత్తబోతే చేతులు వణికేవి. అది కూడా మంచికేనంది.

ఒకరోజు వాళ్ళత్త బాత్రూం ముందు నిలబడి కేకేసింది.

"ఏమే, ఈడ బెల్లం నీళ్ళేమన్నా పోస్తివా? చీమలు బారు కట్టినాయి!"

అని, తనే ఆగిపోయింది. ఆమె భర్త కాలు తీసేసింది షుగరుకే. ఇంకో మాట లేకుండా కోడలి చెయ్యి పట్టుకుని సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయింది. వేలు పొడిచి చూస్తే 468. అటునుంచి అటే తిరుపతి రుయాకు పంపారు.

నెత్తుట్లో చక్కెర 180 దాటితే మూత్రపిండాలు పట్టి ఉంచలేవు, నీళ్ళతో సహా బయటికి వదిలేస్తాయి. ఇన్సులిన్ చాలని ఒళ్ళు తిన్నదాన్ని వాడుకోలేక తన కొవ్వునీ కండనీ తానే కరిగించుకుంటుంది. చప్పట్లు కొట్టించిన ఆ చివరి కిలోలు అలా పోయినవే. ముప్పై దాటినవాళ్ళకు సర్కారు ఆరోగ్య కేంద్రాల్లో షుగరు పరీక్ష ఉచితం. ఏ క్లబ్బులో చేరినా సరే, చేరే ముందు ఆ ఒక్క నెత్తుటి చుక్క ఇవ్వమని కనబడిన ప్రతి అక్కనూ చెల్లెల్నూ బతిమాలుతున్నాను.

అక్క క్లబ్బు పొడి డబ్బా మానేసింది. ఇన్సులిన్ మొదలుపెట్టాక బుగ్గలు మళ్ళీ నిండాయి. తూకం 78. "పోయిన కండ తిరిగొస్తోందమ్మా, భయపడొద్దు" అన్నాడు డాక్టరు. మళ్ళీ మగ్గం దగ్గర నిలబడుతోంది. పుత్తూరులో బంధువుల పెళ్ళికి పోయి, పట్టుచీరలో ఫొటో దిగి స్టేటస్ పెట్టుకుంది.

పదిరోజులకు ఏకాంబరకుప్పం నుంచి ఆడబిడ్డ వచ్చింది. మనిషి అచ్చం వాళ్ళ నాయన పోలికే. ఫోను తెరిచి క్లబ్బు వాళ్ళు పంపిన ప్రకటన చూపించింది. ఆ పాత ఫొటోలు రెండూ ఉన్నాయి. వాటి పక్కన పుత్తూరు పెళ్ళి ఫొటో. దాని కింద 'మానేశాక' అని రాసుంది.

"నేను కూడా చేరినా వదినా. మూడు నెలలకు ఒకేసారి కట్టేసినా. నీ మాదిరి మజ్జలో మానేదిలే."

"నేను తగ్గింది డబ్బాతో కాదే, షుగరుతో. దినామూ సూది ఏసుకుంటా ఉండేది నువ్వు చూస్తానే ఉండావు గదా!"

"అదే నేను చెప్పేది కూడా. డబ్బా తాగినన్నాళ్ళూ నీకు ఏ సూదీ లేకపోయె గదా వదినా!"