ఇంటికి ఒక్కరే

మీరూ సంసారులే. మీ వంటింటి తలుపు వెనక కూడా మేకుకు ఒక గుడ్డసంచి వేలాడుతూనే ఉంటుంది. కనుక నా గోడు మీతో చెప్పుకోవచ్చు. కరోనా కాలం మీద పెద్దలు చాలా రాశారు. ఆసుపత్రుల మీద, నడిచిపోయిన వలస కూలీల మీద, టీకాల మీద రాశారు. రాయాల్సిందే, అవి నిజంగా ఏడ్పించిన సంగతులు. కానీ కిరాణం కొట్టు ముందర నెత్తిన ఎండ, మూతికి గుడ్డ, చంకలో సంచి, చేతిలో చీటీతో సున్నం గీత మధ్యలో నిలబడ్డ గృహస్థుకు ఎవరైనా ఒక్క పేజీ కేటాయించారా? జాతి చరిత్రలో మనకు దక్కిన జాగా ఆ గుండ్రమే. అదీ వెనక నుంచి రెండోది.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. దేశమంతా పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా అంటే, మన తెలంగాణ పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా, 24 గంటలూ తలుపులు మూసుకోమంది. ఆ సాయంత్రమే లాక్‌డౌన్ ప్రకటన, దాని వెంటే ఆ నిబంధన: సరుకులకు ఇంటికి ఒక్కరే బయటికి రావాలి. బాగానే ఉంది. ఆ ఒక్కరు ఎవరో మాత్రం ఎవరూ చెప్పలేదు. పింఛను కాగితం మీద సంతకం ఏ మూల పెట్టాలో కూడా చెప్పే యంత్రాంగం, పచ్చని సంసారాల్లో అగ్గి రాజేసే ఇంత కీలకమైన అంశాన్ని ఆయా ఇళ్ల ఆంతరంగిక వ్యవహారంగా వదిలేసి చేతులు కడుక్కుంది. సబ్బుతో, ఇరవై సెకన్లు.

మఠంపల్లిలో మా ఇంట్లో ఆ ఎన్నిక చాయ్ చల్లారకముందే ముగిసింది. మా అమ్మ పెద్దవయసు, ఆమెను గడప దాటనివ్వకూడదు, ఒప్పుకున్నాను. మా ఆవిడ బజారుకు పోతే పొయ్యి మీద కూరను ఎవరు చూస్తారు, ఒప్పుకున్నాను. మా వాడు ఇంజనీరింగు. హాస్టల్ మూసేస్తే మూటాముల్లె సర్దుకుని వచ్చాడు. వాడికి కందిపప్పుకూ శనగపప్పుకూ తేడా తెలియదట. తెలియకపోవడం కూడా ఒక అర్హతే అని నాకు ఆ రోజు తెలిసింది. అమ్మాయి పదో తరగతి. మార్చి 19 నుంచి మూడు పేపర్లు రాసింది, మిగతావి కోర్టు వాయిదా వేయించింది. మళ్లీ ఎప్పుడు పెడతారో తెలియదు కాబట్టి అది ఎప్పుడూ చదువుతూనే ఉండాలి. ఇక మిగిలింది నేను. సర్కారు బడి పంతులును. "బడి బందు పెట్టిండ్రు గదా, ఇంట్ల ఖాళీగున్నది మీరే" అంది మా ఆవిడ. ప్రతిపక్షం లేదు, రీకౌంటింగ్ లేదు. జూన్‌లో పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందరూ పాసన్నారు. నా బజారు మాత్రం రద్దు కాలేదు.

లాక్‌డౌన్ ప్రకటించిన మూడో నాడే ఉగాది. దేశవ్యాప్త లాక్‌డౌన్ కూడా సరిగ్గా ఆ మార్చి 25నే మొదలైంది. శార్వరి నామ సంవత్సరం ఎట్లా ఉంటుందో పంచాంగం అక్కర్లేకుండానే అర్థమైంది. ఆరు రుచుల పచ్చడికి వేపపువ్వు చెట్టే ఇచ్చింది, చింతపండు డబ్బాలో ఉంది, మామిడికాయ పక్కింటి కొమ్మ మన గోడ మీదికి వంగి ఉండటం వల్ల లభించింది. బెల్లానికి మాత్రం నేను బయల్దేరాల్సి వచ్చింది. మాస్కులు ఇంకా రాలేదు, దస్తీ కట్టుకున్నాను. దస్తీ కట్టుకుని గడప దాటుతుంటే మా అమ్మ గుమ్మంలో నిలబడి కళ్లొత్తుకుంది. మా అబ్బాయి వీడియో తీశాడు.

చీటీ సంగతి చెప్పాలి. అంతకుముందు మన బజారు నోటి మీదుగా నడిచేది. రెండు మర్చిపోయినా సాయంత్రం మళ్లీ పోవచ్చు. ఇప్పుడు చీటీయే శాసనం, అందులో సవరణకు తావు లేదు. మొదటి పంక్తి మా ఆవిడది: "కందిపప్పు రెండు కిలోలు (పోయినసారిది కాదు)". పోయినసారిది ఏదో నాకు గుర్తుంటే నేను ఈ ఉద్యోగంలో ఎందుకుంటాను? రెండో పంక్తి: "జీలకర్ర, మట్టి లేనిది". తర్వాత మా అమ్మ చెప్పగా అమ్మాయి రాసింది: తమలపాకులు, లేతవి. దాని కిందే అమ్మాయి స్వంతంగా: చాక్లెట్లు, అమ్మకు చెప్పొద్దు. చీటీ వాళ్లమ్మ చేతి మీదుగానే నా దగ్గరికి వస్తుందన్న విషయం దానికి తట్టలేదు. అంచున అడ్డంగా మా వాడి రాత: రీచార్జి. ఆ మూల మిగిలిన ఖాళీలో నేను 'బ్లేడు' అని రాసుకున్నాను. గడ్డం ఎవరు చూస్తారని కొట్టేశారు.

కొట్టు ముందు గుండ్రాలు మీరు మరిచిపోయి ఉండరు. ముగ్గుపిండితోనో సున్నంతోనో గీసేవాళ్లు, మనిషికీ మనిషికీ ఒక మీటరు ఎడం. గుండ్రంలో నిలబడాల్సింది మనిషి. మా ఊళ్లో నిలబడ్డవి చెప్పులు. ఒక గుండ్రంలో హవాయి చెప్పులు, ఒకదాంట్లో ఇటుక, ఒకదాంట్లో ఖాళీ నూనె డబ్బా, ఇంకోదాంట్లో తువ్వాల మీద రాయి. వాటి యజమానులంతా వేపచెట్టు కింద ఒకరినొకరు ఆనుకుని కూర్చుని కరోనా ఎట్లా అంటుతుందో చర్చించుకుంటున్నారు. దూరం పాటించినవి చెప్పులే. ఆ లెక్కన మా ఊరి చెప్పులకు కరోనా రాలేదు.

పోనీ అని నేను స్వయంగా, సశరీరంగా ఒక గుండ్రంలో నిలబడ్డాను. కాలు కొంచెం పక్కకు పడింది. "సార్, గీత దాటొద్దు!" అని గద్దింపు. చూద్దును కదా, ఒకప్పుడు వరసలో నిలబడనందుకు నేను క్లాసు బయట నిలబెట్టిన పిల్లగాడు! చేతిలో కర్ర, జేబుకు వాలంటీరు కార్డు. ఎన్ని ఏళ్లు దాచుకున్నాడో ఆ ఒక్క వాక్యాన్ని. నేను పాదాన్ని వెనక్కి తీసుకున్నాను. ఉపాధ్యాయ లోకం యావత్తూ ఆ పాదంతోపాటు నాలుగంగుళాలు వెనక్కి జరిగింది.

వరసకు కూడా ఒక మర్యాద ఉంటుంది. "నాది ఒక్క అగ్గిపెట్టే సారూ" అని ముందుకు పోయి, అగ్గిపెట్టె తీసుకున్నాక "ఆఁ, ఒక కిలో ఉల్లిగడ్డ గూడ" అని, దాని వెనక ఇంటిల్లిపాది నెల సామానూ చెప్పే మహానుభావుడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. మీ ఊళ్లోనూ ఉన్నాడు, నాకు తెలుసు. మూతికి గుడ్డ కట్టుకున్నాక ఆయనను పట్టుకునే వీలు కూడా పోయింది. రోజూ ఒకడేనా, రోజుకొకడా అన్నది తేలలేదు. సావుకారికి మన మాట గుడ్డలోంచి సరిగా వినబడదు. "ఇంగువ" అంటే "ఏది, గోధుమా?" అంటాడు. ఇంగువ డబ్బా అడిగినవాడు గోధుమపిండితో ఇల్లు చేరితే ఏమవుతుందో పెళ్లైనవాళ్లకు వివరించనక్కర్లేదు.

సరుకుల మీద పరిమితులు వేరే. మా సావుకారి తన సొంత రాజ్యాంగం రాసుకున్నాడు: నూనె ఇంటికి రెండు ప్యాకెట్లే, చక్కెర రెండు కిలోలే. మంచిదే, లేకపోతే ముందొచ్చినవాడు బస్తాలు లేపుకుపోతాడు. కానీ ఈ న్యాయం మా ఇంట్లో ఎవరికీ రుచించలేదు. "అత్తమ్మ పేరు మీద ఇంకో రెండు అడగాల్సింది" అని ఆవిడ. "మాస్కు మార్చుకుని మళ్లీ పో నాన్నా" అని ఇంజనీరింగ్ విద్య. అదే సమయంలో తెల్లకార్డు ఉన్నవాళ్లకు సర్కారు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ఇచ్చింది. కార్డులేని ఉద్యోగస్థుడు ఆ బియ్యం సంగతి ఎత్తకూడదు, ఎత్తను. మా వీధిలో అందరి ఇళ్ల ముందూ మూటలు దిగుతుంటే మా ఇంటి ముందు నేనొక్కడినే దిగాను. రెండు ప్యాకెట్లతో.

కూరగాయల దగ్గరైతే నాగరికతే కూలిపోయింది. బెండకాయ కొన విరిచి చూడటం మన జన్మహక్కు. విరిగితే లేత, వంగితే ముదురు. ఇంతకు మించిన శాస్త్రం లేదు. వంకాయను తిప్పి పుచ్చు రంధ్రం చూడాలి, సొరకాయ మీద గోరు గుచ్చాలి, టమాట నొక్కాలి. అన్నీ నిషేధం. "ముట్టకు, ఏది కావాల్నో చెప్పు" అంటుంది కూరగాయలామె. బెండకాయను దూరం నుంచి చూసి దాని అంతరంగం ఎట్లా తెలుసుకోవడం? కొసరు కూడా పోయింది. కాసిని పచ్చిమిరపకాయలు, రెండు రెబ్బల కరివేపాకు ఊరికే పడేసే ఆ సనాతన సంప్రదాయం, తరాలుగా యుద్ధాలకూ కరువులకూ తట్టుకున్నది, గ్లవ్స్ తొడుక్కున్న చేతిలో ఆగిపోయింది. ఆ రోజు ముదురు బెండకాయలు తెచ్చిందీ నేనే, మాట పడిందీ నేనే, నమిలిందీ నేనే.

మూడు కిలోమీటర్ల నియమం ఇంకోటి. ఇంటి నుంచి అంతకు మించి పోగూడదని పోలీసుల మాట. పట్నంవాళ్లకు మూడు కిలోమీటర్లలో సూపర్ మార్కెట్లు నాలుగుంటాయి. మాకు హుజూర్‌నగర్ ఆ గీతకు అవతలెక్కడో ఉంది, కోదాడ ఇంకా అవతల ఉంది. మట్టపల్లి వంతెన మీదికి పోతే కృష్ణకు అటు ఆంధ్ర, అది పరాయి రాజ్యమే. అటు కోదాడ దాటితే రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర చెక్‌పోస్టు. తర్వాతి ఏడు అంబులెన్సులే ఆగిన చోట మన ఆవాల కోసం ఎవరు గేటెత్తుతారు? ఒకనాడు మా వీధి మలుపులోనే బండి ఆపి "ఎక్కడికి?" అన్నారు. తల ఎత్తి, గొంతు సవరించుకుని, "కరివేపాకుకు" అన్నాను. ఆ మాటను గౌరవంగా పలకడం ఎవరివల్లా కాదు.

తిరిగొచ్చాక ఇంట్లోకి రానిస్తారనుకున్నారా? సంచి అరుగు మీద. నేను బావి దగ్గర. పాల ప్యాకెట్లకు సబ్బుస్నానం, కూరగాయలకు ఉప్పు, పసుపు నీళ్లు, చిల్లర పైసలకు సానిటైజరు, నోట్లకు ఇస్త్రీ. అవును, ఇస్త్రీయే. నా చొక్కాకు ఏనాడూ దొరకని శ్రద్ధ పది రూపాయల నోటుకు దొరికింది. ఈ శుద్ధి క్రమంలో నా వంతు పాల ప్యాకెట్ తర్వాత వచ్చేది.

ఏప్రిల్‌లో సూర్యాపేట మార్కెట్ బజారు నుంచి కేసులు పాకి మా జిల్లాలో ఎనభై దాటాయి. 22న చీఫ్ సెక్రటరీ, డీజీపీ స్వయంగా వచ్చారు. అష్టాచమ్మా ఆడుతూ ఒకరి నుంచి ముప్ఫై మందికి పైగా అంటిందని పేపర్లు రాశాయి. ఆ ఇళ్ల కష్టం మీద నాకు పరిహాసం లేదు. నేను చెప్పేది మా ఇంటి పర్యవసానం మాత్రమే: ఆ వార్త చదివిన పూటే మా అరుగు మీది అష్టాచమ్మా గళ్లను తడిగుడ్డతో తుడిచేశారు, చింతగింజలు చింతగింజలుగానే డబ్బాలోకి పోయాయి. రోజు మొత్తంలో నేను గెలిచే చోటు అదొక్కటే ఉండేది.

2021 సంగతి చెప్పి వదిలేస్తాను. మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్. పొద్దున ఆరు నుంచి పది దాకానే వెసులుబాటు. కాలం చూశారా? సరిగ్గా మామిడికాయ తొక్కు కాలం! మంత్రివర్గంలో ఇంతమంది భోజనప్రియులున్నారే, ఒక్కరికైనా తట్టలేదా? కాయ నారదై పుల్లగా ఉండాలి, టెంక ముదరాలి, ముక్క ముక్కకూ పెంకు అంటుకుని ఉండాలి, జీడి తీసి పొర తుడవాలి, నీటి చుక్క తగలకూడదు. ఇవన్నీ నాలుగు గంటల్లో! అందులో కాయలు కొట్టేవాడి దగ్గర వరసే సగం పొద్దు తింటుంది. ఒక్కడే మనిషి, ఒక్కటే కత్తి, ఊరందరి మామిడికాయలు. తొమ్మిదిన్నర దాటితే జీపు సైరన్. ఆ సైరన్‌కు కత్తి వేగం పెరుగుతుంది, ముక్క కొలత మారుతుంది, పెంకు ఒక దిక్కు, కండ ఒక దిక్కు. నూనె ధర ఆ ఏడు అడగవద్దు. నేనూ అడగలేదు, చీటీలో ఉంది కాబట్టి తెచ్చాను.

మే 31 నుంచి ఒంటిగంట దాకా సడలించారు, ఇల్లు చేరడానికి ఇంకో గంట. జూన్ 10 నుంచి రాష్ట్రమంతా సాయంత్రం ఐదు దాకా అన్నారు, కొన్ని నియోజకవర్గాలు తప్ప. అక్కడ కేసులు తగ్గలేదు కాబట్టి పాత వేళలే. ఆ జాబితాలో మిర్యాలగూడ ఉంది. మా హుజూర్‌నగర్ నియోజకవర్గం లేదు. వెంటనే ఫోను మోగింది. మా బామ్మర్ది మిర్యాలగూడలోనే కాపురం.

"బావా, మీకు ఐదింటి దాకనట గదా. మాకు ఒంటిగంటకే బందు. గింత టైముల తొక్కు ఏడ పెడ్తం? మీ దిక్కే కాయలు కొట్టించి మాది గూడ అక్కతోటి పెట్టియ్యరాదు?"

ఊళ్లకు ఊళ్లకే బియ్యం ఆడించి పంపే మిల్లుల ఊరు మిర్యాలగూడ. ఆ ఊరివాడు ఒక జాడీ తొక్కు కోసం మఠంపల్లి మీద ఆధారపడ్డాడు. ఇంటికి ఒక్కరే అన్నారు గానీ ఒక్కరు ఎన్ని ఇళ్లకు తేవాలో అప్పుడూ ఎవరూ రాయలేదు. వాట్సాప్‌లో చీటీ వచ్చింది. మృగశిర దాటిపోయింది, కాయ మెత్తబడే రోజులు. తోటలన్నీ వెతికి, బేరమాడి, కొట్టించి, మోసి, తుడిచి, ఎండబెట్టి, మా ఆవిడ కలిపి, మూడోనాడు తిరగగలిపి, జాడీకి గుడ్డ వాసెన కట్టి ఉంచాం. 20వ తేదీ నుంచి లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశారు. ఆ ఆదివారమే బండి మీద వచ్చాడు. వాసెన విప్పాడు. ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు నమిలాడు.

"ముక్క చిన్నగ కొట్టించినవ్ బావా" అన్నాడు.