బీరువా అక్కర్లేదు, పీడీఎఫ్ ఉంది

పూర్వం ప్రభుత్వ ఆఫీసుల్లో జనానికి తెలియకూడని కాగితం ఉంటే బీరువాలో పెట్టి తాళం వేసేవారు. తాళంచెవి సెలవులో ఉన్న గుమాస్తా దగ్గర ఉండేది. అయినా ఎవరో ఒకరు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి బయటికి లాగేవారు. ఇప్పుడా బాధ లేదు. కాగితాన్ని పీడీఎఫ్ చేసి వెబ్‌సైట్లో పడేస్తే సరి. ఎవరైనా అడిగితే 'సైట్లో ఉంది, చూసుకోండి' అనొచ్చు. అబద్ధం కూడా కాదు. ఉంటుంది. చదవలేం, అంతే.

తయారీ విధానం ఇదీ. ఉత్తర్వును ముందు కంప్యూటర్లో శుభ్రంగా టైపు చేస్తారు. ఆ దశలో అది ఏ ఫోన్లోనైనా చదవగలిగే, వెతికితే దొరికే మామూలు అక్షరం. ఇంత సుఖం జనానికి అలవాటు చేయకూడదని దాన్ని ప్రింటు తీస్తారు. సారు సంతకం పెడతారు. రౌండు సీలు వెళ్లి సరిగ్గా తేదీ మీద పడుతుంది. ఆ తర్వాత కాగితాన్ని స్కానర్ మీద కాస్త వంకరగా పెట్టి స్కాన్ చేస్తారు. మూడో పేజీ తలకిందులుగా వస్తే మరీ మంచిది. దానికి 'స్కాన్0047' అని నామకరణం చేసి సైట్లోకి ఎక్కిస్తారు. అక్షరాలు పోయాయి, అక్షరాల ఫొటో మిగిలింది. ఫైలు తెరిచి మీ ఊరి పేరు కొట్టి వెతకండి, లేదు పొమ్మంటుంది. ఊరు ఏడో పేజీలో నిక్షేపంలా ఉంటుంది.

పాపం, పీడీఎఫ్‌ని అని లాభం లేదు. అడోబీ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకరైన జాన్ వార్నాక్ 1991లో దీన్ని తలపెట్టినప్పుడు ఆయన కోరిక ఒక్కటే. ఏ కంప్యూటర్లో తయారైన పత్రమైనా ఇంకే కంప్యూటర్లోనైనా ఉన్నదున్నట్టు కనిపించాలి, ప్రింటు కావాలి. 1993లో అది బయటికొచ్చింది, 2008లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఆయన చూపంతా కాగితం మీదే. బస్సులో నిలబడి, ఒక చేత్తో రాడ్డు పట్టుకుని, రెండో చేత్తో నోటిఫికేషన్ చదువుకునే నిరుద్యోగి ఆయన ఊహలో లేడు.

ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. ఫోన్ తెర వెడల్పు అటూ ఇటూగా 70. అంటే 12 పాయింట్ల అక్షరం ఫోన్లోకి వచ్చేసరికి 4 పాయింట్లకు చిక్కిపోతుంది. కళ్లజోళ్ల షాపులవాళ్లు తప్ప దీనికి సంతోషించేవాళ్లు లేరు. రెండు వేళ్లతో సాగదీస్తే సగం వాక్యం తెర దాటిపోతుంది. దాన్ని తరుముకుంటూ కుడివైపు చివరిదాకా వెళ్లి, మళ్లీ ఎడమకు వచ్చేసరికి ఏ వరసలో ఉన్నామో గుర్తుండదు. 'పై రెండవ సూచికలోని ఉత్తర్వుల మేరకు' అన్న వరసనే మూడుసార్లు చదివి, ఉత్తర్వు కఠినంగా ఉందని నిట్టూరుస్తాం. తెర మీద చదవడానికి పీడీఎఫ్ పనికిరాదని జేకబ్ నీల్సన్ అనే వెబ్ వాడుక నిపుణుడు 2003లోనే మొత్తుకున్నాడు. మన శాఖలకు ఆ కబురు ఇంకా అందలేదు. బహుశా పీడీఎఫ్‌లోనే పంపి ఉంటారు.

ఇక దరఖాస్తు ఫారం. డౌన్‌లోడ్ చేసి, నెట్ సెంటర్‌కి పోయి ప్రింటు తీసి, నల్ల పెన్నుతో నింపి, మళ్లీ స్కాన్ చేసి, ఎక్కించబోతే సైటు 'ఫైలు 200 కేబీ మించరాదు' అంటుంది. దాన్ని నొక్కి నొక్కి చిన్నది చేసే విద్య నెట్ సెంటర్ కుర్రాడికే తెలుసు. ఆన్‌లైన్ పాలన వల్ల కాగితం ఆదా అయిందో లేదో గానీ, ఆ కుర్రాడికి ఉపాధి మాత్రం దొరికింది.

తెలుగు పీడీఎఫ్‌కి ఇంకో వన్నె ఉంది. 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో కంపోజ్ చేసిన పేజీ కంటికి ముచ్చటగా ఉంటుంది. ఒత్తులు చెదరవు, గుణింతాలు జారవు. ఒక్క పేరా కాపీ చేసి వేరేచోట పెట్టండి. ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు కలిసిన గజిబిజి వస్తుంది. ఆ పాత ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలను కూర్చోబెట్టాయి కాబట్టి, కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు. వార్నాక్ పీడీఎఫ్‌ని తలపెట్టిన 1991లోనే, ప్రతి లిపికీ సొంత స్థానాలిచ్చే యూనికోడ్ ప్రమాణం తొలి వెర్షన్లో తెలుగుకు చోటు దొరికింది. ఆ చోట్లోకి మనం ఇంకా పూర్తిగా కాపురం మార్చలేదు.

పీడీఎఫ్ మేలు చేయలేదని అనను. అచ్చులో లేని పాత పుస్తకాలు, 'భారతి' పత్రిక సంచికలు ఈ రోజు ఇంట్లో కూర్చుని తిరగేస్తున్నామంటే స్కాన్ పీడీఎఫ్‌ల చలవే. చెదలు తినాల్సినవాటిని సర్వర్లు దాచాయి. పేజీ ఎలా అచ్చయిందో అలాగే చూడాలన్నప్పుడు దీన్ని మించింది లేదు. అయితే ఈ ఉపకారం రచయితల నెత్తిన పిడుగైంది. అయిదొందల కాపీలు సొంత డబ్బుతో వేసుకున్న కవిగారి ఆవిష్కరణ సభకు వచ్చి, టీ తాగి, సమోసా తిని, భుజం తట్టి, 'పీడీఎఫ్ ఉంటే వాట్సాప్ చెయ్యి గురువుగారూ' అనేవారే సాహిత్యాభిమానులు. పంపితే చదువుతారా అంటే, పది గ్రూపుల్లోకి తోస్తారు. తెరవరు.

నవ్వులాట ఆపి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. చూపులేనివారు ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తే వింటారు. స్కాన్ చేసిన ఉత్తర్వు ముందు అది చాలాసార్లు నోరు మెదపదు. అను ఫాంట్ పేజీ ఇస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు వల్లిస్తుంది. ఎలక్ట్రానిక్ సమాచారం వికలాంగులకూ అందే రూపంలో ఉండేలా చూడాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. పింఛను ఉత్తర్వు మాత్రం వంకరగా స్కానై వస్తూనే ఉంది.

అయ్యా, పీడీఎఫ్ మానేయమని ఎవరూ అడగడం లేదు. ప్రింటు కావాల్సినవాళ్లకు, సంతకం చూడాల్సినవాళ్లకు అది ఉండనివ్వండి. పక్కనే అదే పాఠాన్ని యూనికోడ్ తెలుగులో మామూలు పేజీగా పెట్టండి. కొత్తగా టైపు చేయక్కర్లేదు, టెండరు పిలవక్కర్లేదు. ప్రింటు తీయకముందు టైపు చేసిన ఆ ఫైలు మీ గుమాస్తా కంప్యూటర్లో ఇంకా ఉంది.