ముందు అమెరికా క్యాసెట్‌ని పక్కన పెట్టండి

కోనసీమలోనో, నరసాపురం చుట్టుపక్కలో పాత గేమ్‌బాయ్ ఉన్న ఇంట్లో క్యాసెట్ల డబ్బా తీయించి చూడండి. కువైట్ అత్త తెచ్చిన యూరప్‌దొకటి, డల్లాస్ బావ పంపిన అమెరికాదొకటి. చూస్తే రెండూ ఒకే ఆట. సర్దుకుందామంటే అందరూ చెప్పే మాట ఒకటే: ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి అమెరికాది ఉంచు, తక్కినవి తీసెయ్. నేను దాన్ని తిరగేసి చెబుతున్నాను. యూరప్‌ది ఉంచండి, అమెరికాది తీసేయండి.

యూరప్ ఆట నెమ్మదిగా నడుస్తుందన్న భయం టీవీ ఆటలది. అప్పట్లో అక్కడి టీవీలు 50 హెర్ట్జ్, అమెరికావి 60. గేమ్‌బాయ్‌కి సొంత తెర ఉంది కాబట్టి ఎక్కడ కొన్నా వేగం ఒకటే. ప్రాంతాల తాళం కూడా లేదు, గేమ్‌బాయ్ అడ్వాన్స్ దాకా ఏ దేశపు క్యాసెట్టయినా ఆడుతుంది. పైగా యూరప్ క్యాసెట్లలో చాలావాటికి ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచి, జర్మన్ కూడా ఉంటాయి. 'కురు కురు కురురిన్' 2001లో జపాన్‌లో, యూరప్‌లో వచ్చింది, అమెరికాలో అప్పుడు రానేలేదు. అమెరికావే ఉంచుకున్నవాళ్లకి ఆ ఆటే లేదు. ఎంత నష్టమో ఆడినవాళ్లని అడగండి!

మాటలు అక్కర్లేని ఆటయితే జపాన్‌ది ఉంచండి. టెట్రిస్‌కి భాషెందుకు?

పేరు కలిసిందని మాత్రం జంట అనేయకండి. జపాన్‌లో పోకెమాన్ రెడ్, గ్రీన్ 1996లో వచ్చాయి, బ్లూ ఆ ఏడాదే తర్వాత వచ్చింది. 1998లో అమెరికాలో వచ్చిన రెడ్, బ్లూలకి బొమ్మలు ఆ జపాన్ బ్లూవి. ఏ పోకెమాన్ ఎందులో దొరుకుతుందన్న లెక్క మాత్రం రెడ్, గ్రీన్‌లది. ఈ రెండు బ్లూలూ వేరువేరు ఆటలు, రెండూ ఉంచుకోండి.

నిజంగా జంటే అయితే మెరిసేది తీసేసి, స్టిక్కర్ అరిగింది ఉంచండి. మన బజారులో తళతళలాడే క్యాసెట్‌ని నేను నమ్మను. అడ్వాన్స్ క్యాసెట్‌ని వెలుతురులో వంచి చూడండి. అసలుదైతే లేబుల్ మీద నొక్కిన అంకెలు లీలగా కనిపిస్తాయి, అడుగున బంగారు రంగు పళ్ల పైన బోర్డు మీద నింటెండో పేరు ఉంటుంది. లేబుల్ మీద ఏజీబీ తర్వాత వచ్చే నాలుగు అక్షరాల్లో చివరిది ఈ అయితే అమెరికా, పీ అయితే యూరప్, జే అయితే జపాన్.

అరిగినదాంట్లోనే అన్నయ్య ఆడిన సేవ్ ఉంటుంది. పోకెమాన్ గోల్డ్, సిల్వర్‌లలో ఆ సేవ్‌ని లోపలున్న సీఆర్ 2025 బ్యాటరీ కాపాడుతూ వస్తోంది. బ్యాటరీ ఊడదీస్తే సేవ్ పోతుంది, అంచేత ముందు దాన్ని కంప్యూటర్లోకి దింపుకోండి. మన డెల్టా గాలికి పళ్లు నల్లబడతాయి. నోటితో ఊదకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి.

సర్దేటప్పుడు అక్షరక్రమం వద్దు. ఎవరు తెచ్చారో ఆ వరసలో పెట్టి, చీటీ మీద మనిషి పేరు, ఏడాది రాయండి. తీసేసిన క్యాసెట్లు అమ్మొద్దండీ, సంక్రాంతికి వచ్చే పిల్లలకి తలా ఒకటి ఇవ్వండి. ఇచ్చేముందు ఒకసారి పెట్టి చూడండి, ఎవరి సేవైనా ఉండిపోయిందేమో.